పండబెట్టిన ఇనుము

మా బావగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. బతికున్నన్నాళ్ళూ చెడ్డగా నడుచుకున్నవాళ్ళెవరో ముందుచూపుతో పెట్టిన నియమమై ఉంటుంది అది. నేను దానికి కట్టుబడను.

బావగారంటే నా భర్తకు అన్న. మంచిర్యాలలో, బొగ్గు లారీలు వరసగా ఆగే రోడ్డు మీద, ఇల్లూ దాని పక్కనే లారీల యార్డూ ఉండేవి. భూములు కౌలుకిచ్చి లారీలు కొన్న కుటుంబం వాళ్ళది. బండ్లు ఇద్దరు అన్నదమ్ములవీ అయినా మాట ఒక్కరిదే. ఊళ్ళో అందరూ ఆయన్ను పటేల అనేవాళ్ళు. నా భర్తను పటేల తమ్ముడు అనేవాళ్ళు. నన్ను చదువుకున్నామె అనేవాళ్ళు, అదీ నవ్వుతూ.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన వరండాలో కూర్చుంటే నేను పెరటి వాకిలి చుట్టి రావాలి. ఏదైనా చెప్పాల్సి వస్తే తలుపు చాటున నిలబడి నా భర్తకు చెప్పాలి, నా భర్త వెళ్ళి అన్నకు చెప్పాలి. మర్యాద అనేవాళ్ళు దాన్ని. నా భర్త మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు, కడుపులో చల్ల కదలకుండా బతకాలనుకునే రకం. నేను ‘ఇది చేస్తే మనిషి చస్తాడు’ అని చెప్పి పంపితే, ఆయన అన్న దగ్గరికి వెళ్ళి ‘జర సూస్కోని చేద్దామా అన్నా’ అనేవాడు. నా మాట ఆ పది అడుగుల వరండా దాటేలోపు కారం పోయి, ఉప్పు పోయి, చప్పిడి కూడై అవతలికి చేరేది.

ఇనుము గురించి నాకేం తెలుసని అడుగుతారేమో, ఆ ఇంట్లో వాళ్ళలాగే. చెప్తాను.

మా పుట్టిల్లు హుస్నాబాద్ దగ్గర పల్లె. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డప్పుడు నేను చిన్నపిల్లను. పొద్దస్తమానం ఏం చేయాలో తోచక కమ్మరి కొలిమి దగ్గర కూర్చునేదాన్ని. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం అక్కడే చూశాను. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చెక్క చక్రం మీద దించి, నీళ్ళు కొడితే అది బిగుసుకుని కరిచి పట్టుకునేది. ఇనుముకూ అగ్గికీ ఉన్న చుట్టరికం నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదని చెప్పడానికే ఇది. మా బావగారికి తెలిసింది నాకూ తెలుసు. నాకు తెలిసిందే ఆయనకు తెలియదు.

తర్వాత చదువుకున్నాను. ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో కొన్నేళ్ళు పనిచేశాను. ఉక్కు ముక్కను ఉల్లిపొర కన్నా పల్చగా అరగదీయడం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టి ఫొటోలు తీయడం నా పని. ఆ ఉక్కులో కలిపే లోహం పేరు నయోబియం.

నయోబియం తెల్లగా మెరిసే లోహం. ఒంటరిగా ఉన్నప్పుడు మెత్తనిది, తీగలాగా సాగుతుంది. తేలిగ్గా తుప్పు పట్టదు, మామూలు కొలిమికి కరగదు. దాన్ని గడ్డకట్టే చలి కన్నా ఎంతో కిందికి చల్లబరిస్తే కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిస్తుంది, అందుకే పెద్ద పెద్ద అయస్కాంతాల్లో చుట్టే తీగల్లో వాడతారు. విమానాల ఇంజన్లలో వేడికి తట్టుకునే భాగాల్లో ఉంటుంది. దాని ఆక్సైడ్ కలిపిన గాజుతో కళ్ళద్దాలు పల్చగా వస్తాయి. ఇవన్నీ పెద్దింటి వైభోగాలు. నాకు పరిచయమైన నయోబియం లారీల కింద, బురదలో ఉండేది.

కరిగిన ఉక్కులో దాన్ని వేసేది పిసరంత. పాల గిన్నెలో తోడు వేసినంత కూడా కాదు. కానీ చేసే పని తోడు చేసే పనే, మొత్తం గిన్నె గుణం మారిపోతుంది. ఉక్కు లోపలంతా రవ్వ. ఆ రవ్వ ఎంత సన్నగా ఉంటే ఉక్కు అంత గట్టిది. నయోబియం ఉక్కులోని కార్బన్‌తో కలిసి కంటికి ఆనని కణాలవుతుంది. వెంట్రుక మందంలో అలాంటివి వేలకొద్దీ పట్టేంత చిన్న కణాలు. ఉక్కును వేడిగా రేకులుగా సాగదీసేటప్పుడు అవి రవ్వ మధ్య కూర్చుని దాన్ని లావు కానివ్వవు. ఇప్పుడు అలాంటి వాటికి నానో అని పేరు పెట్టి పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కించారు. అప్పుడు ఆ మాట మా నోట అంతగా ఆడేది కాదు, ఆంగ్‌స్ట్రామ్‌లలో కొలిచి రాసుకునేవాళ్ళం. కణం చిన్నదైనకొద్దీ దాని సత్తువ పెద్దది అన్న సంగతి మాత్రం మాకూ తెలుసు.

ఒకసారి అలాంటి ఉక్కు ముక్కను కావాలనే ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లార్చి చూశాం. సన్నని మిరియాల పొడి చల్లినట్టున్న చుక్కలు ముద్దకట్టి అక్కడక్కడా ఆవగింజల్లా మిగిలాయి. సన్నరవ్వ కాస్తా దొడ్డురవ్వ అయింది. పైకి చూస్తే ముక్క అదే రంగు, అదే బరువు. దాని బలం మాత్రం పోయింది. ఆ ఫొటోలు నేను తీసినవి. మా పెద్దసారు పేరుతో అచ్చయ్యాయి, ఎక్కడా నా పేరు లేదు. ఆ కోపం వేరే ఉంది, దాన్ని ఇందులో కలపను.

పెళ్ళై మంచిర్యాల వచ్చాక, ఎనభైల చివర్లో, మా యార్డులోకి కొత్తరకం లారీ ఒకటి వచ్చింది. బరువు మోసే అడుగు చట్రాన్ని ఛాసీ అంటారు, పాత లారీల ఛాసీ కన్నా దీని ఛాసీ రేకు పల్చన. మావాళ్ళు కంపెనీ మోసం చేసిందని తిట్టుకున్నారు. తలుపు లోపల ఒక చిన్న రేకు మీద ఉక్కు రకం రాసి, దాని కింద ‘ఛాసీని కాల్చరాదు, అతకరాదు’ అని ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాసి ఉంది. లారీ కడుగుతుంటే చూశాను. ఆ రకం ఉక్కునే నేను ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి అరగదీశాను. చుట్టం ఎదురైనట్టు సంతోషమేసింది. మరుసటి వారం పెయింటర్ వచ్చి ఆ రేకు మీద ఎర్ర తామరపువ్వు వేసిపోయాడు.

ఆ లారీకి డ్రైవరు బెల్లంపల్లి మనిషి. తండ్రి బొగ్గుబాయిలో దిగి దిగి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. కొడుకు మాత్రం బాయిలోకి దిగనని లారీ ఎక్కాడు. ‘భూమి మీద సస్త గని భూమిల సావ’ అనేవాడు. ఆ యార్డులో నన్ను చదువుకున్నామె అనకుండా అమ్మా అని పిలిచినవాడు అతనొక్కడే. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, పండక్కి తీసుకొచ్చి మా వంటింటి గడప మీద కూర్చోబెట్టేవాడు.

హుస్నాబాద్ అవతల ఒక కల్వర్టు దగ్గర ఆ లారీ లోడుతో పక్కకు ఒరిగింది. డ్రైవరుకు గీతలు పడ్డాయంతే. ఛాసీ పట్టీ ఒకటి వెనకవైపు వంగింది. లాక్కొచ్చి యార్డులో నిలబెట్టారు.

ఇక్కడ మా బావగారి ఘనవిద్య గురించి చెప్పాలి. వంగిన ఇనుమును సరిచేయడంలో మంచిర్యాల రోడ్డు మీద ఆయనకు పెద్ద పేరు. ఆయన పద్ధతి పేరు పండబెట్టుడు. వంగిన చోట గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, గొలుసులూ జాకీలూ పెట్టి సాపు చేసి, వెంటనే దాని మీద వరి ఊక బూడిద గుట్టగా పోసేవాడు. తెల్లారేదాకా ఎవరూ ముట్టకూడదు. అలసిన ఇనుము పండి లేస్తే బలం వస్తుందని ఆయన నమ్మకం. ఎడ్లబండి ఇరుసుల కాలం నుంచీ వాళ్ళ ఇంట్లో వస్తున్న పద్ధతి అది. పాత ఇనుముకు అది తప్పు కూడా కాదు, సమ్మెటపోటుకు బిగుసుకున్న ఇనుము అలా చేస్తే సడలి, చిట్లకుండా ఉంటుంది. ఈ ఉక్కుకు మాత్రం అది విషం. తోడుకున్న పెరుగును పొయ్యి మీద పెట్టి కాచినట్టే.

తలుపు చాటు నుంచి నా భర్తకు చెప్పాను.

“గీ బండి ఇనుము వేరే. దీన్ని ఎర్రగ కాలిస్తె సత్తువ పోతది. లోడుతోటి ఘాట్ ఎక్కితె ఇరుగుతది, మనిషి సస్తడు. వంగిన పట్టీ తీసేసి కొత్తది ఎక్కియ్యుమనుండ్రి.”

ఆయన వరండాలోకి వెళ్ళాడు. నాకు మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

“అన్నా, ఆమె ఏదో అంటున్నది. గీ ఇనుము జర నాజూకుదట. మంట జర తక్కువ పెడితె మంచిదట.”

“ఇనుము నాజూకుదా?” బావగారు నాకు వినబడేలాగే నవ్వాడు. “ఇనుమేమన్న పెండ్లిపిల్లనా? మా తాత కాలంకెల్లి ఇనుముకు అగ్గే మందు. ఏం కలిపిండ్రట గండ్ల?”

“ఏదో పొడి అంటున్నది.”

“పొడా? చదువుకున్నామెను పప్పుల ఉప్పు సూస్కోమను. ఇనుము సంగతి మనం సూస్కుందం.”

నేను ఎన్నడూ పొడి అనలేదు. ఒక లోహం కలిపారని చెప్పాను, అది చేసే పని చెప్పాను, తోడు సంగతి చెప్పాను. ఆయనకు చేరింది పొడి. ఆ రోజు మొదలు ఆ ఇంట్లో అది ‘చదువుకున్నామె పొడి’. పిల్లలకు జ్వరం వస్తే కూడా ‘చదువుకున్నామె పొడి వెయ్యరాదుండ్రి’ అని మా తోటికోడలు ఇకిలించేది.

ఆ సాయంత్రమే ఛాసీ కాల్చారు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నల్లని పట్టీ ముదురు ఎరుపై, ఆపై నారింజ రంగుకు తిరిగింది. ఆ రంగు చూస్తే లోపల ఏం జరుగుతోందో నాకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. అంత కష్టపడి, అంత కొలిచి, ఎక్కడో ఎవరో ఉక్కులో నిలబెట్టిన సన్నదనమంతా ముద్దకట్టిపోతోంది. బూడిద పోయించి బావగారు చేతులు దులుపుకున్నాడు. నేనైతే పళ్ళు కొరుక్కుంటూ రొట్టెలు కాల్చాను, అవీ మాడిపోయాయి.

మర్నాడు డ్రైవరు నీళ్ళకని పెరటి వాకిలికి వచ్చాడు. బండి ఎప్పుడు బయలుదేరుతుందని అడిగాను. ఒకటి రెండు రోజుల్లో బొగ్గు లోడుతో నిర్మల్ ఘాట్ మీదుగా పంపుతారన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను చెంబు కింద పెట్టాడు.

“అమ్మా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. పటేల ఎక్కుమంటె నేను ఎక్కుడే గద.”

“సచ్చినా ఎక్కుతవా అన్నా?”

“దిగుమన్నోడు అన్నం పెట్టడు గదమ్మా.”

అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. మా ఇంట్లో వాళ్ళను మాత్రం మనసారా తిట్టుకున్నాను. తర్వాత ఒక పని చెప్పాను. ఛాసీ తోక చివర, మంట తగలని చోట, సాపు చేసేటప్పుడు కోసేసిన ముక్క యార్డులో పడి ఉంది. దానిలోంచి ఒకేలాంటి రెండు పట్టీలు కోయమన్నాను. గ్యాస్‌తో కోయొద్దు, ఎంత ఆలస్యమైనా రంపంతోనే కోయాలని గట్టిగా చెప్పాను. గ్యాస్ వేడి తగిలితే రెండూ చెడతాయి. కోశాక ఒక పట్టీని పటేల చేసినట్టే ఎర్రగా కాల్చి, అదే బూడిదలో పండబెట్టమన్నాను. రెండోదాన్ని ముట్టొద్దన్నాను. బావగారు భోజనానికి లేచిన సమయం చూసి అతను అంతా చేశాడు.

లోడు ఎత్తే రోజు పొద్దున బావగారు యార్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ మెకానిక్కులూ, హమాలీలూ, పక్క యార్డు వాళ్ళూ చాయ్ తాగుతున్నారు. నేను కొంగు నడుముకు దోపి, వరండా దాటి, మెట్లు దిగి, నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అదే మొదటిసారి ఆయన ముఖం దగ్గర నుంచి చూడటం. ఒక కంటి కింద పులిపిరి ఉందని అప్పుడే తెలిసింది.

నా భర్త పరుగున వచ్చాడు. “లోపలికి నడువు” అన్నాడు.

“నడువ,” అన్నాను. “బావా, గీ రెండు పట్టీలు ఒక్క ఛాసీయే. ఒకటి మీరు పండబెట్టినట్టు పండబెట్టింది, ఒకటి పచ్చిది. జర సూడుండ్రి.”

డ్రైవరు తల వంచుకుని పచ్చి పట్టీని బల్ల మీది వైసులో బిగించాడు. పట్టీ చివర బావగారి జాకీనే గొలుసుతో వేలాడదీశాడు. పట్టీ కిందికి వంగింది. జాకీ తీసేస్తే టక్కున లేచి సాపైంది. దాన్ని తీసి పండబెట్టిన పట్టీని అదే కొలతకు బిగించి, అదే జాకీ వేలాడదీశాడు. వంగింది. జాకీ తీశాడు. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

“గీ ఉక్కుల కలిపిన లోహం పేరు...” అని మొదలుపెట్టాను.

“పేర్లొద్దు,” అన్నాడు బావగారు.

లేచి వచ్చి వంగిన పట్టీ మీద బొటనవేలు పెట్టి నిలువునా రుద్దాడు. రెండోది తీసుకుని బరువు చూశాడు. తర్వాత నా వైపు కాదు, నా భర్త వైపు తిరిగి, “బండి ఆపుమను” అని లోపలికి వెళ్ళిపోయాడు.

గెలిచాననుకున్నాను. ఆ పూట పాయసం వండాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

వారం తిరగకముందే డ్రైవరు వంటింటి వాకిలికి వచ్చి, పోయివస్తానమ్మా అన్నాడు. ఎక్కడికంటే, బండిని ఆదిలాబాద్ పత్తి సేటు ఒకాయన కొంటున్నాడట. బండితో పాటు డ్రైవరూ పోవడం లారీల లోకంలో మామూలే. బండి గుణం తెలిసిన చెయ్యి కదా, కొన్నవాళ్ళు అడిగి మరీ తీసుకుంటారు. అతను కూడా మంచి జీతమని ఒప్పుకున్నాడు.

“ఛాసీ సంగతి గాయనకు చెప్పిండ్రా?”

“పటేల చెప్పద్దన్నడమ్మా. పత్తి తేలిక లోడే గద అన్నడు.”

పత్తి తేలికట. ఒక్క పత్తే వేస్తారని ఎవరు రాసిచ్చారు? నా ఒళ్ళంతా మండింది. అప్పటిదాకా ఆయన నా మాట నమ్మలేదన్నదే నా బాధ. ఇప్పుడు తెలిసింది, ఆయన నమ్మాడు. ఆ యార్డులో అందరి కన్నా బాగా నమ్మాడు. నమ్మాడు కాబట్టే అమ్ముతున్నాడు. తెలియక చేసేవాణ్ణి మూర్ఖుడని వదిలేయవచ్చు. నేను నేర్పిన పాఠం విని, దాన్ని పట్టుకుని ఇంకొకడి మెడకు తగిలించేవాణ్ణి ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకలేదు.

నా భర్తను పట్టుకుని అడిగాను. ఆయన నేల చూపులు చూస్తూ, “మరి నష్టం ఎవరు మొయ్యాలె?” అన్నాడు.

“గా డ్రైవర్ బిడ్డలు మొయ్యాల్నా?”

“గట్లెందుకంటవు? ఏం కాదు తియ్యి.”

ఏం కాదు తియ్యి. మా ఇంట్లో సగం పాపాలు ఈ మాట మీదే నడిచాయి.

సేటు బండి చూసుకోవడానికి వచ్చిన పూట నేను మళ్ళీ వరండా దిగాను. ఈసారి నడిచి వెళ్ళడం తేలికైంది. రెండు పట్టీలూ నా చేతిలోనే ఉన్నాయి. సేటు పెద్దవయసు మనిషి, తెల్ల టోపీ, సగం మరాఠీ కలిసిన తెలుగు. ఆయన ముందు రెండు పట్టీలూ పెట్టి, “గీ బండి ఛాసీ కాల్చి సాపు చేసిండ్రు. గిట్ల అయ్యింది. లోడు మొయ్యది. తీసుకోకుండ్రి” అన్నాను. అంతే, మూడు ముక్కల్లో చెప్పాను.

బావగారు కుర్చీలోంచి లేవలేదు. “మా తమ్ముని భార్య. జర పానం మంచిగుండది” అన్నాడు సేటుతో, తల పక్కన వేలు తిప్పుతూ.

సేటు నా ముఖం చూశాడు, వంగిన పట్టీ చూశాడు. వెళ్ళి బండి కింద కూర్చుని తొంగి చూశాడు. బూడిద మరక ఇంకా ఛాసీ మీదే ఉంది. టోపీ సవరించుకుని, “మంచిగ చెప్పినవ్ బాయీ” అన్నాడు. చాయ్ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో జరిగినదంతా రాయను. యార్డులో నా కాలు పడకూడదన్నారు. మా తోటికోడలు నా చేతి నీళ్ళు తాగడం మానేసింది. నా భర్త నెలల తరబడి నాతో అవసరమైనంతే మాట్లాడాడు, ఆ అవసరం కూడా అన్నం దగ్గరే వచ్చేది. బావగారు బతికున్నన్నాళ్ళూ నా పేరెత్తలేదు. సంగతి రోడ్డంతా పాకింది కాబట్టి ఆ బండిని చూడటానికి కూడా ఎవరూ రాలేదు. కొనేవాడు లేక ఏడాదంతా ఎండకూ వానకూ నిలబడింది. చివరికి విసిగి, ఆ ఛాసీని డ్రైవరు చేతే కోయించి, తూకానికి అమ్మేసి, కొత్త ఛాసీ ఎక్కించారు. డ్రైవరు ఆ బండినే నడిపాడు. నిర్మల్ ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగాడో.

తొంభైల చివర్లో బావగారు గుండెపోటుతో పోయాడు. దినాల నాడు యార్డులోనే షామియానా వేశారు. బంధువులు, లారీల వాళ్ళు, పక్క ఊళ్ళ పెద్దమనుషులు బంతుల్లో కూర్చున్నారు. నేను అన్నం గంప పట్టుకుని వడ్డిస్తున్నాను. ఒక పెద్దాయన విస్తరి ముందు కూర్చుని అందరికీ వినబడేలా చెప్తున్నాడు.

“పటేల అంటె పటేలనే. ఒక బండి మీద జర అనుమానమొచ్చిందని, కొన వచ్చినోనికి అమ్మకుంట కోసి పారేసిండు. నష్టం వచ్చినా సరే, మంది పానం మీదికి తేలే. గసొంటి మనిషి మల్ల పుట్టడు.”

బంతి బంతంతా అవునవునని తల ఊపింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఆ కథ అప్పటికే ఊరంతా తిరిగి, అరిగి, నున్నగా తయారై ఉందని అప్పుడే అర్థమైంది. ఆ కథలో నేను లేను. పట్టీలు లేవు. తల పక్కన తిప్పిన వేలు లేదు. బంతి చివర కూర్చున్న నా భర్త కూడా తల ఊపాడు. అది చూసి గంప కింద పెట్టేశాను.

“గదంత అబద్ధం,” అన్నాను.

మా తోటికోడలు లోపల్నుంచి శోకం ఆపి మరీ అరిచింది, “సచ్చినోళ్ళ మీద గా మాటలేంది!” ఎవరో నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. డ్రైవరు విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని నా వెనకే వచ్చాడు. అప్పటికి జుట్టు నెరిసింది. పెద్దబిడ్డ పెళ్ళి చేశాడు.

“పోనియ్యమ్మా,” అన్నాడు. “నేను బతికున్న గద. గది సాలదా?”

“సాలదన్నా,” అన్నాను. “నువ్వు బతికినవు, నాకు సంతోషం. గని నా మాట తీస్కపోయి గాయన నోట్లె పెట్టిండ్రు. గది నాకు వాపస్ గావాలె.”

అతను ఎంగిలి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, బంతి మధ్యలో నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

“ఆ ఛాసీ కోసింది నేను. కొనేటోడు దొరకక కోసినం. అమ్మజూసింది పటేల, ఆపింది గీ అమ్మ. నా పానం ఈమె పెట్టింది.”

పెద్దాయన విస్తరిలో ఎముక ఒకటి ఏరి పక్కన పెట్టాడు. ఎవరో, “అయితేంది, ఆయన గొప్పతనం యాడికి పోతది” అన్నారు. ఇంకెవరో కూర అడిగారు. వడ్డన మళ్ళీ మొదలైంది.

బంతి లేచాక నా భర్త వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. చేతిలో విస్తరి, కలిపిన అన్నం అలాగే ఉంది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి నన్ను అడగని ప్రశ్న ఆ రోజు అడిగాడు.

“గా లోహం పేరేందంటివి అప్పుడు?”

“అనలే. మీరు అననియ్యలే.”

“ఇప్పుడు చెప్పరాదు.”

ఆ పేరు నా నాలుక చివరే ఉంది. అన్ని ఏళ్ళూ అక్కడే ఉంది, ఎవరైనా అడుగుతారని.

“తినుండ్రి,” అన్నాను. “అన్నం సల్లారుతున్నది.”

పేరు చెప్పలేదు.